యాభైతొమ్మిదో కీర్తన

ఆయన పోయారని ఆయన రెండవ కుమార్తె ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్న భోజనం ముగిసి, ఎండ వరండాలోకి జరిగే వేళ. ఎలా అని అడిగాను. నిద్రలోనట. "మీకు చెప్పాలనిపించిందండీ" అన్నది. ఫోన్ పెట్టివేసి, దుఃఖం వస్తుందేమోనని కాసేపు కదలకుండా కూర్చున్నాను. రాలేదు. గ్లాసులో మిగిలిన మజ్జిగ త్రాగి, గ్లాసు కడిగి బోర్లించాను.

నాటినుండి ఆయన ముఖం జ్ఞప్తికి తెచ్చుకోబోతే చేతులే వస్తున్నాయి. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను నడుస్తున్న మోటరుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని, కళ్ళు మూసుకొని వినేవారు. లోపలి బేరింగు ఇంకెన్నాళ్ళు బ్రతుకుతుందో అలా విని చెప్పేవారు. "ఇది పది రోజులండీ." పదవరోజుకో పదకొండవరోజుకో అది ఆగిపోయేది. ఆయన వింటున్నంతసేపు చుట్టూ ఉన్నవారు కూడా ఎందుకో ఊపిరి బిగబట్టేవారు.

అది సౌదీలోని బురైదా. ఊరిని చుట్టుకొని ఖర్జూరపు తోటలు. ఆ తోటల బావులకు మోటర్లు బిగించి, బాగుచేసే ఒక చిన్న సంస్థలో నేను హాజరుపట్టీలూ, పరదేశులకు నివాసానుమతి ఇచ్చే ఇకామా కాగితాలూ చూచేవాణ్ణి. భాషాప్రవీణ చదివిన వానికి ఆ ఉద్యోగం ఎలా సంప్రాప్తించిందన్నది ఇక్కడ అప్రస్తుతం. అందరూ నన్ను పంతులుగారనేవారు. ఆయనను తోటల్లోని బంగ్లాదేశ్ కూలీలు "పంప్ చాచా" అనేవారు. గుంటూరు ప్రాంతపు మనిషి. ఇకామాలో క్రైస్తవుడని ఉండేది. చాలామందికి అంతకుమించి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కనిపించలేదు.

ఆయనకు కొన్ని వింత అలవాట్లు ఉండేవి. శుక్రవారం అందరికీ సెలవు. ఆయన మాత్రం అడిగి మరీ శుక్రవారం పని వేయించుకొని, బదులు శనివారం సెలవు తీసుకొనేవారు. శుక్రవారంనాడు మోటరు చెడితే వచ్చే మనిషి ఒకడున్నాడని తోటల యజమానులు సంతోషించేవారు. ఎందుకని అడిగినవారు లేరు. సూర్యుడు క్రుంకగానే ఆయనకు మరునాడు ఆరంభమయ్యేది. గురువారం సాయంకాలం ఏదైనా చెప్పి "రేపు చూద్దాం" అంటే, "రేపు వచ్చేసిందిగదండీ" అని పడమర చూపేవారు. ఖర్జూరం పండే ఋతువంతా, రుతబ్ అనే ఆ పండు ఖర్జూరం చెట్టుమీద తేనెలా మెత్తబడి కారుతున్నా, ఒక్క పండు నోట వేసుకొనేవారు కాదు. కూలీలు దోసిళ్ళతో తెచ్చి ఇస్తే జేబులో వేసుకొని, పోయి మరొకరికి ఇచ్చేవారు.

ఒకసారి యజమాని ఇంట పెళ్ళి జరిగి, మాకందరికీ పెద్ద పళ్ళాలలో ఒంటె మాంసంతో వండిన కబ్సా వచ్చింది. ఆయన పళ్ళెం అంచున కూర్చొని దోసకాయ ముక్కలూ మజ్జిగా మాత్రమే తీసుకుంటున్నారు. కరీంనగర్ జిల్లానుండి వచ్చిన తాపీమేస్త్రి ఒకడు ఎదురుగా కూర్చొని ఊరుకోలేకపోయాడు.

"ఏందన్నా, ఒంటె దేశంల ఉండి ఒంటె తినకపోతివి. మీ పాస్టరు వద్దన్నడా?"

"కడుపుకు పడదు తమ్ముడూ."

"మేక తెచ్చిననాడు గూడ గిట్లనే అన్నవ్. నీ కడుపుకు ఏం పడ్తది మరి? మోటరు గిరీసా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నవ్వి, దోసకాయ ముక్క ఒకటి వాని చేతిలో పెట్టారు.

ఆ మరుసటి వారమే నా గదికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, కూర్చోమన్నా నిలబడే అడిగారు. "పంతులుగారూ, మీరు తిథులు చూస్తారటగా. వినాయకచవితి వెళ్ళాక వచ్చే పున్నమి ఏ రోజండీ?"

చెప్పాను. మీకెందుకని అడిగాను. పర్ణశాలల పండుగ మొదటి దినాన తాను పుట్టినట్టు తమ పెద్దలు లెక్కగట్టి చెప్పారనీ, అది పున్నమినాడు వస్తుందనీ, నిరుడు ఇంటివద్ద ఉండగా చవితి అయిన పదిపన్నెండు రోజులకు వచ్చిందనీ అన్నారు. పర్ణశాలల పండుగ క్రైస్తవులు చేయగా నేనెన్నడూ వినలేదు. ఆ మాటే అన్నాను. అప్పుడు ఆయన కిటికీవైపు ఒకమారు చూచి, పెదవులు మాత్రం కదిలేట్టు, "మేము యూదులమండీ" అన్నారు. కృష్ణకు ఇవతల అలాటి కుటుంబాలు కొన్ని ఉన్నాయట. ఇంట్లో తెలుగే, ప్రార్థన మాత్రం ఆ భాషలో. ఈ దేశానికి వచ్చేటప్పుడు పుస్తకంగాని పంచాంగంగాని తేలేదు. ఫోన్‌లో ఆ పేరు ఎత్తడానికి భయం. ఇక మిగిలింది ఆకాశంలో చంద్రుడొక్కడు. ఆ చంద్రుణ్ణి చదవడం నాకు వచ్చునని ఎవరో ఆయనకు చెప్పారట.

ఈ రహస్యం నాకెందుకు చెప్పారో నాకు నేటికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో నేను ఆయనకు నమ్మకంగానే ఉన్నాను.

ఆ సంవత్సరం పున్నమి ముందునాటి సాయంకాలం నన్ను ఒక తోటకు రమ్మన్నారు. అక్కడ బావి ప్రక్కన కాపలావాళ్ళు ఖర్జూరపు మట్టలతో వేసుకొన్న పాక ఒకటి ఉన్నది. కప్పులోనుండి నక్షత్రాలు కనబడాలట ఆ పండుగకు. అందువల్ల ఆయన వారం ముందునుండి ఎవరూ చూడకుండా పైనున్న మట్టలు అక్కడక్కడ తొలగించేవారు. కాపలా ఉండే బంగ్లా కూలీ మరునాడు వచ్చి ఆ సందులు మూసేవాడు. "చాచా, కప్పుకు చిల్లులు ఎవరు పెడుతున్నారో దొరికితే చెప్పు" అని హిందీలో ఈయనకే ఫిర్యాదు చేసేవాడు. "కాకులేమో నాయనా" అని వచ్చీరాని హిందీలో ఈయన సమాధానం.

సూర్యాస్తమయానికి ముందే రొట్టెలూ కూరా వండి తోటలోని కూలీలందరికీ పంచిపెట్టారు. పుట్టినరోజున దానం చేయాలట. తరువాత ఒక్కొక్కరివద్దకు వెళ్ళి, "ఈ ఏడు నీపట్ల ఏమైనా పొరపాటు చేశానా?" అని అడిగారు. వాళ్ళు తెల్లబోయి తలలు అడ్డంగా ఊపారు. నన్నూ అడిగారు. పిదప పాకలోకి వచ్చి కూర్చొని, ఆ ఋతువంతా ముట్టని రుతబ్ పండును అరచేతిలో పెట్టుకొని, తమ భాషలో రెండు మూడు మాటలు అన్నారు. మమ్మల్ని బ్రతికించి, నిలబెట్టి, ఈ కాలానికి చేర్చినందుకు స్తోత్రం అని భావమట. ఆ ఏడు తొలిసారి తినే పండుమీదే ఆ మాట చెప్పాలట. పండు నోట వేసుకొన్నప్పుడు ఆయన ముఖం చూచాను. ఏడాదంతా ఖర్జూరపు తోటల్లో తిరిగే మనిషి ఖర్జూరాన్ని ఆ ఏటికి తొలిసారి రుచి చూస్తున్నాడు.

అటుపైన దావీదు కీర్తనలలో ఒకటి చదివారు. పుస్తకం లేదు, తెలుగులోనే, కంఠస్థంగా. పుట్టినరోజున తన వయస్సుకు ఒకటి కలిపిన సంఖ్యగల కీర్తన చదవడం వారి ఆచారం. ఆయనకు ఆనాటికి యాభైఆరు నిండాయి గనుక యాభైఏడవది. కొత్తగా అడుగుపెట్టే సంవత్సరానికి అది తోడు. "ఇయ్యాల నా నక్షత్రం బలంగా ఉంటదండీ. నేను ఎవరికి దీవెన ఇచ్చినా చెల్లుద్ది" అని నా తలకు తగలకుండా కొంచెం ఎడంగా అరచేయి పట్టి దీవించారు. నేను వయస్సులో ఆయనకంటె ఒక ఏడాది పెద్ద. అయినా తల వంచాను.

మరుసటి ఏడు నేను పొరపాటు చేశాను. చవితి చూచి, పదకొండు రోజులు లెక్కించి, భాద్రపద పున్నమి ఫలానా రోజని ధీమాగా చెప్పాను. పాక, రొట్టెలు, రుతబ్, యాభైఎనిమిదవ కీర్తన అన్నీ యథావిధిగా జరిగాయి. పది రోజులకు ఊరినుండి ఆయన బావమరిది ఫోన్ చేసి, మాటలమధ్య, "ఇక్కడ పందిరి ఇంకా వేయలేదు బావా, వచ్చే పున్నానికి" అన్నాడట. ఆయన సరాసరి నా గదికి వచ్చారు.

జరిగిందేమంటే, మనకు అధికమాసం ఏ నెలకైనా రావచ్చు. వారికి ఎప్పుడూ వసంతానికి ముందరి నెలకే వస్తుంది. ఆ ఏడు మనకు అధికమాసం లేదు. వారికి ఉన్నది. అందువల్ల వారి పండుగ మన ఆశ్వయుజంలోకి జరిగిపోయింది. అరబ్బులకు అధికమాసమే లేదు గనుక వారి నెలలు ఋతువులన్నీ తిరుగుతూ ఉంటాయి. చంద్రుడు ఒక్కడే, ముగ్గురం మూడు విధాల లెక్కిస్తున్నాము. నేను దానిని ఒక శాస్త్రచర్చగా ఆయనకు వివరించబోయాను.

"అంటే నేను నెల ముందుగా పుట్టానంటారా పంతులుగారూ?" అన్నారాయన.

"నావల్లనే."

"మా అమ్మ కూడా అదే అనేదండీ, నేను తొందరపడి పుట్టానని." తరువాత కొంచెం దిగులుగా, "పండు అయిపోయిందిగా. మళ్ళా కొత్తపండు ఏడనుంచి తేవాలి?" అన్నారు. ఆ ఏడు తాయిఫ్‌నుండి వచ్చే దానిమ్మ ఇంకా బజారుకు దిగలేదు. తెచ్చే లారీ డ్రైవరును ఎవరినో పట్టుకొని, అసలు పున్నమినాటికి ఒక్క పండు తెప్పించుకొన్నారు. అదే కీర్తన మరల చదివారు. ఒకే ఏడు రెండుమార్లు దీవెన పొందినవాణ్ణి నేనేనేమో.

ఆ తప్పు బయటపడిన నాడే ఆయన ప్లాస్టిక్ కవరులో మడిచి దాచుకొన్న కాగితం ఒకటి విప్పి చూపారు. పంచాయతీలో తీసుకొన్న జనన రిజిస్టరు నకలు. పాస్‌పోర్టులో ఉన్న తేదీ బడిలో పంతులు వేసినదట. అన్నతోపాటు ఒకే తరగతిలో కూర్చోబెట్టడానికి రెండేళ్ళు పెంచి రాశాడు. నేను ఆ కాగితాన్ని నా ఫోన్‌లో ఫొటో తీసుకొన్నాను, వచ్చే ఏడు లెక్క తప్పకుండా ఉండాలని.

"అరవై నిండిననాడు మాకు పెద్ద పండుగండీ" అని ఆనాడే చెప్పారు. వారి గ్రంథంలో కొన్ని పాపాలకు మనిషి అకాలంగా కొట్టివేయబడతాడని ఉన్నది. అరవై దాటినవాడు ఆ శిక్షను తప్పించుకొన్నట్టు. మనవారు అరవైకి ఉగ్రరథశాంతి చేయడం ఆయనకు నేను చెప్పాను. ఆయన ఆశ్చర్యపడి, "అయితే మీకూ మాకూ భయం ఒకచోటే పెట్టాడు దేవుడు" అన్నారు. ఆయన లెక్క స్పష్టంగా ఉన్నది. రెండవ అమ్మాయి నర్సింగు కోర్సు ముగిసేసరికి తనకు అసలు అరవై నిండుతాయి. ఆ పండుగ ఇంటివద్ద, ప్రార్థనకు కావలసిన పదిమంది మగవారిని కూర్చి చేసుకోవాలి. అంతవరకు ఈ ఉద్యోగం నిలబడితే చాలు. అంతకుమించి ఆయన దేవుణ్ణి ఏమీ కోరినట్టు నేను వినలేదు.

అప్పటికే సౌదీలకే ఉద్యోగాలనే నితాఖాత్ చట్టం వచ్చి, దాని లెక్కలో మా సంస్థ ఎరుపు రంగులో పడి ఉన్నది. సౌదీ ఉద్యోగులు ఉండవలసినంతమంది లేరు, పరదేశులం ఎక్కువ. ఎరుపులో ఉన్నంతకాలం ఎవరి ఇకామా గడువూ పెరగదు, కొత్త వీసా రాదు. తలకింతని లెవీ వేరే. హైదరాబాదువాడైన మా మేనేజరు ప్రతి ఉదయం కంప్యూటరులో ఆ రంగు చూచుకొనేవాడు, జ్వరం చూచుకొన్నట్టు.

మూడవ ఏడు పండుగకు నాలుగు రోజులముందు నన్ను పిలిచాడు.

"పంతులుగారూ, కూసోండ్రి. కొత్త రూలు ఇన్నరా? అరవై దాటిన పరదేశీ ఒక్కడు గవర్నమెంటు హిసాబుల ఇద్దరికి బరాబరట."

విన్నానన్నాను.

"మనకు రెండు తలలు తగ్గితే పసుపుల పడ్తం. ఈ నెలాఖర్లోపల. పంప్ చాచాకు జూలైల అరవై అయిపోయినయి, పాస్‌పోర్టు చూసిన. ఆయనొక్కడు పోతే రెండు తగ్గుతయి. ఆయన్ని ఉంచాలె అంటే ఇంకిద్దరు పోవాలె." కొంచెం ఆగి, నా వంక చూడకుండా అన్నాడు. "ఇద్దరంటే ఆఫీసుల్నే చూడాలె. స్టోరు చూసేటాయన, మీరు. తోటల పిల్లలను తీస్తే పనెవ్వరు చేస్తరు? మీరే ఆలోచన చేసి కాయితం తయారు చెయ్యుండ్రి. నేను సైను పెడ్త."

ఆ జనన నకలు ఫొటో నా ఫోన్‌లో ఉన్నది. దానిని మేనేజరు బల్లమీద పెట్టి, ఈ మనిషికి ఇంకా యాభైఎనిమిదే నిండబోతున్నాయి, రాయబార కార్యాలయంలో తేదీ దిద్దించవచ్చును, కొంత వ్యవధి ఇవ్వండి అని చెప్పవచ్చు. దిద్దుబాటుకు నెలలు పడుతుందనీ, నెలాఖరు ఆగదనీ నాకు నేను చెప్పుకొన్నాను. అది అబద్ధం కూడా కాదు. కాని నేను అడిగి చూడలేదు. గదికి వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చొని, దేశం విడిచి పంపే ఖురూజ్ కాగితంలో పంప్ చాచా పేరు, పాస్‌పోర్టు సంఖ్య, జనన తేదీ నింపాను. మామూలు రోజుల్లో ఎలా నింపుతానో అలాగే నింపాను.

ఆ సాయంకాలం కాదు, పండుగ ప్రవేశించే సాయంకాలం తోటకు వెళ్ళాను. ప్రతి ఏడూ వెళ్ళినట్టే. ఆ రోజు ఈసారి నేను తప్పు లేకుండా లెక్కగట్టి ఇచ్చినదే. కాగితం చేతిసంచీలో ఉన్నది. పండుగకు ముందే చెబుదామని తెచ్చాను.

ఆయన తెల్లచొక్కా వేసుకొని రొట్టెలు పంచుతున్నారు. పాక కప్పులో సందులు సరిగ్గా ఉన్నాయి. బంగ్లా కూలీ విసిగి మూయడం మానుకొన్నాడట. నావద్దకు వచ్చి, ఎప్పటి ప్రశ్నే అడిగారు. "ఈ ఏడు మీపట్ల ఏమైనా పొరపాటు చేశానా పంతులుగారూ?"

"లేదు" అన్నాను.

ఆయన అక్కడే నిలబడ్డారు. ఆ ప్రశ్న నేనూ తిరిగి అడుగుతానేమోనని కాచుకొన్నారని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అలా తోచలేదు. నేను చెప్పులు విడిచి పాకలోకి వెళ్ళి కూర్చొన్నాను.

రుతబ్ తిన్నారు. యాభైతొమ్మిదో కీర్తన చదివారు. నేను వింటున్నాను. అది చదివే మనిషికి ఈ భూమిమీద యాభైఎనిమిదేళ్ళే నిండాయని తెలిసినవాణ్ణి ఆ దేశం మొత్తంమీద నేనొక్కణ్ణే. ముగించి, నా తలమీద చేయి ఎడంగా పట్టి, మామూలుకంటె ఎక్కువసేపు దీవించారు. నాకు ఆరోగ్యం, నా ఉద్యోగం నిలబడాలని, నేను క్షేమంగా ఇల్లు చేరాలని. ఒక్కొక్కటి పేరుపేరునా తెలుగులో అడిగారు. సంచీ నా మోకాలి ప్రక్కన ఉన్నది. తెరవలేదు. గదికి వచ్చి భోజనం చేశాను.

పండుగ మొదటి రెండు రోజులూ ఆయన పనిలోకి రారని నాకు తెలుసు. ఒంట్లో బాగోలేదని హాజరుపట్టీలో నేనే వేశాను. మూడవనాడు ఉదయం ఆఫీసుకు పిలిపించి, కాగితం ఆయన ముందు పెట్టాను. చెప్పవలసింది రెండు వాక్యాలలో చెప్పాను. నితాఖాత్, అరవై, ఇద్దరి లెక్క. ఇకామా నాదీ నిలబడాలన్న మాట చెప్పలేదు. చెప్పనక్కరలేదనుకొంటాను.

ఆయన అరబ్బీ చదవలేరు గాని అంకెలు గుర్తుపడతారు. గ్రీసు ఇంకిన వేలితో ఒకచోట ఆపారు.

"ఈ తేదీ నాది కాదుగదండీ."

"పాస్‌పోర్టులో ఉన్నదే వేయాలి."

"అవును. అదే వేయాలి." వేలు ఇంకా అక్కడే ఉన్నది. "ఆ నకలు మీ ఫోన్‌లో ఉండాలే."

"ఉన్నది."

తల ఊపారు. నేను అడగకముందే కుర్చీ లాక్కొని కూర్చొన్నారు. చాలాసేపు కిటికీ అవతల నిలిపిన నీళ్ళ ట్యాంకరు వైపు చూచారు. అమ్మాయి కోర్సు సంగతి ఎత్తుతారనుకొన్నాను, నన్ను నిలదీస్తారనుకొన్నాను. రెండింటికీ జవాబులు సిద్ధం చేసుకొని ఉన్నాను.

"మాకు ఈ ఏడు రోజులూ సంతోషించమని ఆజ్ఞండీ" అన్నారు చివరకు. "పర్ణశాలల్లో ఉన్నన్నాళ్ళు విచారపడకూడదు. ఎవరన్నా పోయినా ఏడుపు పండుగ వెళ్ళిందాకా ఆపుకుంటారు. దీనికి గూడా పండుగ వెళ్ళాకే విచారపడతాను లెండి."

పెన్ను అడిగి సంతకం చేశారు. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా. లేచి, నాకు నమస్కారం పెట్టి, తోటలో మోటరు ఒకటి విప్పి వచ్చాననీ, బిగించి వస్తాననీ చెప్పి వెళ్ళారు.

పండుగ ఆరవనాడు ఆయన విమానం. మేనేజరు బండి ఇచ్చి పంపాడు. నేను ఆఫీసులో పని ఉందన్నాను. ఆ నెలాఖరుకు సంస్థ పసుపులోకి వచ్చింది. నా ఇకామా గడువు పెరిగింది. అందరికీ మిఠాయి పంచితే తిన్నాను.

పండుగ ఏడు రోజులూ వెళ్ళిన మరునాడు, ఆయన విచారపడతానన్న నాడు, ఆయన ఊరి ఫోన్ నెంబరు నావద్దనే ఉన్నది. చేయలేదు.